గైమన్‌లో వెల్ష్ భాషను మోసింది కాలవ

గైమన్ వెళ్లొచ్చినవాళ్లంతా టీ గురించే రాస్తారు. ఊలు టోపీ తొడిగిన టీ కెటిల్, వెన్న రాసిన ఇంటి రొట్టె, జామ్, స్కోన్లు, నల్లటి కేకు, గోడ మీద వేల్స్ ఎర్ర డ్రాగన్ జెండా. 1995 నవంబర్‌లో బ్రిటన్ యువరాణి డయానా ఇక్కడికి వచ్చి టీ తాగింది. ఆమె కూర్చున్న కుర్చీని, తాగిన కప్పును ఆ టీ హౌస్‌వాళ్లు దాచి ఉంచారు. దక్షిణ అమెరికా కింది కొసన, అర్జెంటీనా పటగోనియాలో, కొన్ని వేల జనాభా ఉన్న ఊళ్లో బ్రిటన్‌లో ఒక భాగమైన వేల్స్ భాష, అంటే వెల్ష్, వినపడటం వింతే. ఆ వింతను కప్పులో పోసి అమ్ముకోవడంలో తప్పేమీ లేదు. అయితే దాని వెనక ఒక సంగతి మరుగున పడిపోయింది. గైమన్ టీ హౌసుల్లో అన్నిటికన్నా పాతదని పేరున్నదాన్ని తెరిచింది 1944లో. వెల్ష్ వాళ్లు ఈ ఊరున్న చుబుత్ నది లోయకు వచ్చింది 1865లో. మధ్యలో దాదాపు ఎనభై ఏళ్లు ఆ భాష టీ అమ్మకుండానే బతికింది. ఎలా బతికింది, సరిగ్గా టీ హౌసులు తెరిచే కాలానికే ఎందుకు నీరసించింది అని అడిగితే జవాబు కాలవ గట్టు మీద దొరుకుతుంది.

పందొమ్మిదో శతాబ్దపు వేల్స్‌లో చాలా బడుల్లో, పిల్లవాడు ఇంటి భాష మాట్లాడితే మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవాళ్లు. దాని పేరు ‘వెల్ష్ నాట్’. ఇంకెవడైనా వెల్ష్‌లో నోరు జారితే చెక్క వాడి మెడకు మారేది. బడి వదిలే వేళకు ఎవడి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు కట్టారన్న వార్తలు చదివిన మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. 1847లో వేల్స్ చదువుల మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఇంకో అడుగు ముందుకెళ్లి, అక్కడి ప్రజల వెనకబాటుకు, చెడు నడతకు వాళ్ల భాషను, వాళ్ల చర్చీలను కారణంగా చూపింది. ఆ నివేదిక అట్టలు నీలం రంగువి. వెల్ష్ వాళ్లు దాన్ని ఈనాటికీ ‘నీలి పుస్తకాల ద్రోహం’ అనే అంటారు.

ఆ కోపంలోంచి వచ్చినవాడు మైకేల్ డి. జోన్స్. బాలా అనే ఊళ్లో మతబోధకులను తయారుచేసే కాలేజీకి ప్రిన్సిపాల్. అంతకుముందు అమెరికాలోని ఒహాయోలో కొన్నాళ్లు ఉండి, అక్కడికి వలస వెళ్లిన వెల్ష్ వాళ్లు ఒక తరం తిరిగేసరికి ఇంగ్లిష్‌లో ఎలా కరిగిపోతున్నారో కళ్లారా చూశాడు. పొట్టకూటికి ఎటూ వలస పోక తప్పదు, పోయేదేదో అందరూ కలిసి ఒకే చోటికి, ఇంగ్లిష్ అలికిడి లేని చోటికి పోవాలన్నది అతని వాదన. ఆ వెతుకులాట పటగోనియా దగ్గర ఆగింది. అర్జెంటీనా హోంమంత్రి గిల్యెర్మో రాసన్ భూములిస్తామన్నాడు. దాని వెనక లెక్క వేరే ఉంది. పటగోనియా మాదంటే మాదని చిలీతో పేచీ నడుస్తున్న కాలమది. అక్కడ ఎవరో ఒకరు అర్జెంటీనా జెండా కింద కాపురం ఉండటం ఆ ప్రభుత్వానికి అవసరం. అంటే ఒకరికి భాష కావాలి, ఇంకొకరికి సరిహద్దు కావాలి. ఆ భూమి అప్పటికే ఎవరిది అని రెండు పక్షాల్లోనూ ఎవరూ పెద్దగా ఆలోచించినట్టు కనపడదు.

1865 మే 28న మిమోసా అనే ఓడ లివర్‌పూల్ నుంచి బయలుదేరింది. చైనా నుంచి తేయాకు మోయడానికి కట్టిన ఓడ అది. టీతో పేరు మోసిన ఊరి కథ తేయాకు ఓడతో మొదలవడం కాకతాళీయమే గానీ, బాగుంటుంది. అందులో సుమారు నూట యాభై మంది. బొగ్గు గనుల కూలీలు, చెప్పులు కుట్టేవాళ్లు, ఇటుక పనివాళ్లు, బోధకులు. సేద్యం తెలిసినవాళ్లు బహు కొద్దిమంది. జూలై 28న దిగేసరికి అక్కడ నడి శీతాకాలం. దిగిన చోట, అంటే ఇప్పటి పుయెర్తో మద్రిన్‌లో, తాగడానికి నీళ్లు లేవు. తీరంలోని మెత్తని రాతిని తొలుచుకుని తలదాచుకున్నారు. అక్కడి నుంచి చుబుత్ నది లోయ అరవై కిలోమీటర్ల పైచిలుకు ముళ్లపొదల ఎడారి అవతల ఉంది. వేల్స్ లాగే పచ్చగా ఉంటుందని ఆశపెట్టి తీసుకొచ్చిన భూమిలో ఏడాదంతా కలిపి కురిసే వాన ఇరవై సెంటీమీటర్ల దరిదాపుల్లోనే. అనంతపురం రైతు కూడా నోరెళ్లబెట్టే లెక్క ఇది.

మొదటి రెండేళ్లు వేసిన గోధుమ వేసినట్టే ఎండిపోయింది. ఊరు వదిలేసి ఇంకెక్కడికైనా పోదామన్న మాట కూడా గట్టిగానే నడిచింది. 1867 చివర్లో ఆరన్, రేచల్ జెన్కిన్స్ అనే దంపతుల పొలంలో మొలకెత్తిన గోధుమ వాడిపోతోంది. పక్కనే నది ఒడ్డులొరుసుకుని పారుతోంది. గట్టుకు గండి కొట్టి ఆ నీళ్లు పొలంలోకి ఎందుకు మళ్లించకూడదని రేచల్ అడిగిందట. ఆరన్ పార పట్టుకుని చిన్న బోదె తవ్వాడు. నీళ్లు పారాయి, పంట చేతికొచ్చింది. లోయ చెప్పుకునే కథ ఇదే. గోదావరి, కృష్ణ కాలవల కింద పెరిగినవాళ్లకు ఇదేం గొప్ప అనిపించవచ్చు. కానీ వాన ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూసే దేశం నుంచి వచ్చినవాళ్లకు పొలానికి నీళ్లు పెట్టాలన్న ఆలోచన రావడానికే రెండేళ్లు పట్టింది.

అక్కడి నుంచి కథ వేగం అందుకుంది. బోదెలు పిల్ల కాలవలయ్యాయి, పిల్ల కాలవలు పెద్ద కాలవలయ్యాయి. నదికి ఉత్తరాన, దక్షిణాన వందల కిలోమీటర్ల కాలవలు పారలతో, గుర్రాలతో తవ్వుకున్నారు. నది దిగువన రాసన్ అనే ఊరు అప్పటికే ఉంది. ఎగువ భూములు సాగులోకి వస్తున్న కొద్దీ జనం పైకి జరిగారు. అలా 1874లో గైమన్‌లో మొదటి రాతి ఇల్లు లేచింది. అది ఇప్పటికీ నిలిచి ఉంది. పేరు మాత్రం వెల్ష్ వాళ్లది కాదు. ‘గైమన్’ ఇక్కడి మూలవాసులైన తెవెల్చె జాతి మాట, రాతి మొన అని అర్థం. చుట్టూ ఉన్న పేర్లు చూస్తే ఎవరెవరు ఈ నేల మీద తిరిగారో తెలిసిపోతుంది. వలసకు దారి వేసిన లూయిస్ జోన్స్ పేరుతో ‘లూ ఊరు’ అన్న అర్థంలో ట్రెలెవ్, మంత్రి పేరుతో రాసన్, నది ఒడ్డు పచ్చిక బయలు అన్న అర్థంలో వెల్ష్‌లో దోలావోన్.

కాలవ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పూడిక తీయాలి, గట్లు తెగితే అందరూ పరిగెత్తాలి, ఎవరి వంతు ఎప్పుడో తేల్చాలి, తూము దగ్గర తగవు వస్తే తీర్చాలి, చివరి భూములకు నీళ్లందకపోతే సమాధానం చెప్పాలి. ఆయకట్టు తెలిసినవాళ్లకు తెలుసు, నీళ్ల దగ్గర నడిచినంత మాట ఇంకెక్కడా నడవదు. ఆ మాటంతా వెల్ష్‌లోనే నడిచింది. కాలవ సంఘాలు పుట్టాయి, తర్వాత అవి కలిసి నీటి కంపెనీ అయ్యాయి. పద్దులు, తీర్మానాలు, తిట్లు అన్నీ ఆ భాషలోనే. 1885లో చుబుత్ ప్రాంతంలోకెల్లా మొదటి మునిసిపాలిటీ గైమన్‌లో ఏర్పడింది. తొలి ఏళ్ల మినిట్స్ వెల్ష్‌లోనే రాసుకున్నారు. అంతకు ముందు వలస తొలి నియమావళిలోనే పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లకు కూడా ఓటు ఉంది. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

అదే 1885లో రైతులు సొంతంగా ఒక సహకార వర్తక కంపెనీ పెట్టుకున్నారు. వెల్ష్ వాళ్లు చుబుత్‌ను కామ్వి అంటారు, కాబట్టి అది కామ్వి వర్తక కంపెనీ. దళారుల చేతిలో పడకుండా గోధుమను బ్యూనస్ ఎయిరెస్ పంపడం, అక్కడి నుంచి సరుకులు తెప్పించడం దాని పని. మరుసటి ఏడాది వెస్టా అనే ఓడలో మరో నాలుగు వందల పైచిలుకు మంది వేల్స్ నుంచి రైలు మార్గం పనికి వచ్చారు. 1888కల్లా పుయెర్తో మద్రిన్ నుంచి ట్రెలెవ్ దాకా రైలు పడింది. 1891లో లూయిస్ జోన్స్ ‘అ ద్రావోద్’ అనే పత్రిక మొదలుపెట్టాడు. ‘చర్చ’ అని అర్థం. అది ఇప్పటికీ వస్తోంది. ఇవన్నీ కలిపి చూస్తే బొమ్మ స్పష్టంగా కనపడుతుంది. ఉప్పు కొనాలన్నా, గోధుమ అమ్మాలన్నా, నీళ్లు కావాలన్నా, వార్త తెలియాలన్నా వెల్ష్ రావాల్సిందే. ఆదివారం చర్చి కీర్తనలు, ఆదివారపు బడి దానికి తోడయ్యాయి. లోయ పొడవునా ముప్పైకి పైగా చర్చీలు కట్టారు. వాటిలో సగం దాకా నిలిచాయి. చర్చే భాషను కాపాడిందని చాలామంది రాస్తారు. అందులో నిజం ఉంది గానీ, వారానికి ఒక రోజు పాడే భాష కన్నా ఆరు రోజులు బేరమాడే భాషకు బలం ఎక్కువ.

ఈ నేల అసలు మనుషుల సంగతి ఇక్కడ చెప్పకపోతే కథ సగమే. 1866లో తెవెల్చెలు మొదటిసారి ఎదురుపడ్డప్పుడు వలసవాళ్లు భయపడ్డారు. ఆ భయం త్వరగానే పోయింది. ఒంటె జాతి జంతువైన గ్వనాకోను ఎలా వేటాడాలో, గుర్రాన్ని ఎలా అదుపు చేయాలో వాళ్లే నేర్పారు. మాంసం, తోళ్లు, ఈకలు ఇచ్చి రొట్టె పట్టుకెళ్లేవాళ్లు. అలా వెల్ష్ వాళ్ల ‘బారా’, అంటే రొట్టె, తెవెల్చెల నోటికి పట్టింది. పొరుగు సఖ్యతకు గుర్తుగా ఈ మాటను ఊళ్లో మురిపెంగా చెప్పుకుంటారు. ఆ మాటకు ఇంకో చివర కూడా ఉంది. 1878 నుంచి అర్జెంటీనా సైన్యం పటగోనియా మూలవాసుల మీద యుద్ధం చేసింది. చంపగా మిగిలినవాళ్లను శిబిరాల్లో కుక్కింది. మిమోసాలో మూడేళ్ల పసివాడిగా వచ్చిన జాన్ డేనియల్ ఇవాన్స్, పెద్దయ్యాక ఒక ప్రయాణంలో వల్చేతా దగ్గర ముళ్లకంచె వెనక మనుషులను చూశాడు. ఒకడు కంచె పట్టుకుని ‘బారా, బారా’ అని అరుస్తున్నాడు. అతను చిన్ననాటి స్నేహితుడని ఇవాన్స్ గుర్తుపట్టాడు. డబ్బు కూడగట్టి విడిపిద్దామని మళ్లీ వెళ్లేసరికి ఆ మనిషి చనిపోయాడు. ఇవాన్స్ జ్ఞాపకాల్లో రాసిపెట్టిన సంగతి ఇది. అదే ఇవాన్స్ 1884లో ముగ్గురు సహచరులను మూలవాసుల దాడిలో పోగొట్టుకుని, గుర్రం గండి దూకడం వల్ల తాను బతికి బయటపడినవాడు కూడా. మూలవాసుల మీద దయ చూపమని వలసవాళ్లు సైన్యాధికారికి విన్నపం పెట్టిన మాటా నిజమే. కానీ ఆ యుద్ధంతో ఖాళీ అయిన నేల మీదికే తర్వాత వెల్ష్ బళ్లు కూడా పడమటి కొండల దాకా నడిచాయి. తమ భాష కోసం దేశం దాటి వచ్చినవాళ్ల కళ్ల ముందే ఇంకో భాష నోరు మూతపడింది.

వెల్ష్ మీద దెబ్బలు ఒక్కసారిగా పడలేదు. 1899లో చుబుత్ నది పొంగి లోయను ముంచేసింది. ఇళ్లు, చర్చీలు, కాలవలు కొట్టుకుపోయాయి. దానికి తోడు కుర్రాళ్లకు ఆదివారం సైనిక కవాతు పెట్టడం మీద ప్రభుత్వంతో గొడవ. ఆదివారం పని ముట్టని జనానికి అది మింగుడుపడలేదు. 1902లో రెండు వందల పైచిలుకు మంది మూటాముల్లె సర్దుకుని కెనడా వెళ్లిపోయారు. విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఆ ఏడాదే ఏప్రిల్ 30న పడమటి కొండల్లోని ట్రెవెలిన్ దగ్గర ఒక బడిలో అక్కడి వెల్ష్ కుటుంబాలు సమావేశమై, మేం చిలీలో కాదు అర్జెంటీనాలోనే ఉంటామని సరిహద్దు తీర్పరి ముందు చెప్పాయి. ఆ తీర్పరి సర్ థామస్ హోల్డిచ్, అంతకు ముందు బ్రిటిష్ ఇండియాలో సరిహద్దు సర్వేలు నడిపిన అధికారి. నాలుగు దశాబ్దాల కింద భూమి ఇస్తూ అర్జెంటీనా వేసుకున్న లెక్క అక్కడ కుదిరింది. భాష కోసం వచ్చినవాళ్ల లెక్క కుదరడం మాత్రం కష్టమైంది.

ఎందుకంటే అప్పటికే బడి చేతులు మారింది. పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా ప్రభుత్వ బడుల్లో స్పానిష్ తప్పనిసరైంది. వేల్స్ బడిలో ఇంగ్లిష్ కూర్చున్న కుర్చీలోనే ఇక్కడ స్పానిష్ కూర్చుంది. దీనికి ఎదురు నిలిచిన మనిషి ఎలునెద్ మోర్గన్. లూయిస్ జోన్స్ కూతురు. 1870లో నడిసముద్రంలో ఓడ మీద పుట్టింది కాబట్టి ఆమెకు ఆ ఇంటిపేరు పెట్టారు. అందులో సముద్రం అన్న అర్థం ఉంది. రచయిత్రి, కొంతకాలం అ ద్రావోద్ నడిపింది. 1906లో గైమన్‌లో మొదలైన కామ్వి హైస్కూల్ వెనక ఆమె పట్టుదల ఉంది. విద్య లేని లోకం లోకమే కాదన్నది ఆ బడి నినాదం. బడి 1950 ప్రాంతంలో మూతపడింది. 1963లో మళ్లీ తెరిచేనాటికి అది అన్ని బడుల్లాంటి స్పానిష్ బడి.

అసలు దెబ్బ ఆ బడి మొదలవడానికి, మూతపడటానికి మధ్యలో పడింది. 1911 తర్వాత వేల్స్ నుంచి చెప్పుకోదగ్గ గుంపు ఏదీ రాలేదు. స్పెయిన్, ఇటలీ నుంచి వచ్చినవాళ్లు లోయలో పెరిగారు. వాళ్లతో బేరం స్పానిష్‌లోనే. 1930ల మాంద్యంలో కామ్వి వర్తక కంపెనీ కూలిపోయింది. ఎందరో రైతులు దాచుకున్న సొమ్ము దాంతో పోయింది. 1940ల్లో నీటి కంపెనీ ప్రభుత్వం చేతికి వెళ్లింది. నీళ్ల కోసం ఇక పక్కింటాయనతో వెల్ష్‌లో కొట్లాడక్కర్లేదు. ఆఫీసుకెళ్లి స్పానిష్‌లో అర్జీ పెట్టుకోవాలి. ఒక తరం లోపలే కొట్టు, కాలవ, బడి మూడూ చేజారాయి. మిగిలింది ఇల్లు, చర్చి. భాష మీద ప్రేమ తగ్గిందని అనడానికి ఆధారం లేదు, దాని అవసరం తగ్గింది. పిల్లలతో స్పానిష్‌లో మాట్లాడటం మొదలుపెట్టిన తల్లిదండ్రులను తప్పుపట్టడం తేలిక. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఆ తప్పు పట్టడానికి కొంచెం ధైర్యం కావాలి.

టీ హౌసులు పుట్టింది ఆ సందులోనే. ఆదివారం మధ్యాహ్నం చుట్టాలొస్తే బల్ల నిండా రొట్టెలు, కేకులు పెట్టి టీ పోయడం ఇళ్లలో ముందు నుంచీ ఉన్న మర్యాదే. దానికి బోర్డు తగిలించి డబ్బు తీసుకోవడం కొత్త. ఆ బల్ల మీద అందరి కళ్లూ పడేది నల్ల కేకు మీద. ముదురు చక్కెర, ఎండు ద్రాక్ష, పప్పులు, చక్కెర పాకంలో ఊరిన పండ్ల ముక్కలు, కాస్త మద్యం. గట్టిగా, బరువుగా, నెలల తరబడి పాడవకుండా ఉంటుంది. పెళ్లిలో కోసిన కేకులో కొంత రేకు డబ్బాలో పెట్టి మూత బిగించి, పెళ్లిరోజులకు తలా కాస్త తినడం ఆచారం. దీన్ని వెల్ష్ కేకు అనే అమ్ముతారు. వేల్స్‌లో మాత్రం ఈ కేకు లేదు. దొరికిన సరుకులతో, ఎక్కువ రోజులు నిలవ ఉండేలా ఈ లోయలోనే పుట్టిన వంట ఇది. టీ పోసి సాగనంపాక ఆ ఇంటివాళ్లు తమ కోసం కలుపుకునేది మాతే, అర్జెంటీనా అంతా పీల్చే పచ్చటి ఆకు కషాయం. అలాగని టీని నాటకం అనడం సరికాదు. జూలై 28న, ఓడ దిగిన రోజున, లోయలోని చర్చీల్లో బల్లలు వేసి వచ్చినవాళ్లందరికీ టీ పోస్తారు. ఆ బల్లల దగ్గర పర్యాటకుల కన్నా ఊరివాళ్లే ఎక్కువ.

1965లో వలసకు నూరేళ్లు నిండినప్పుడు వేల్స్ నుంచి ఒక బృందం వచ్చింది. ఇక్కడ తమ భాష ఇంకా మాట్లాడుతున్నారని చూసి వాళ్లు, మనల్ని ఇంకా తలుచుకుంటున్నారని వీళ్లు, ఇద్దరూ కదిలిపోయారు. అంతకు ముందు డీలాపడ్డ ఐస్తెద్వోద్ ఉత్సవం మళ్లీ నిలబడింది. పాట, పద్యం, పఠనం, నాట్యం పోటీలు రోజుల తరబడి నడుస్తాయి. పెద్దది ట్రెలెవ్‌లో, పిల్లలది గైమన్‌లో. అందులో చూడాల్సిన ఘట్టం కవికి పట్టం కట్టేది. కవితలన్నీ మారుపేర్లతో వస్తాయి. గెలిచిన మారుపేరును వేదిక మీంచి పిలుస్తారు. హాలు నిశ్శబ్దం. ఎక్కడో ఒక వరసలో మనిషి లేచి నిలబడేదాకా పక్కన కూర్చున్నవాడికి కూడా అతనే కవి అని తెలియదు. వెల్ష్ కవితకు ఆ ఏటి కోసం కొత్తగా చేయించిన చెక్క కుర్చీ ఇస్తారు. స్పానిష్ కవితకు కిరీటం. రెండు భాషలకు రెండు గౌరవాలు పెట్టుకోవడం అర్జెంటీనా వెల్ష్ వాళ్ల తెలివి. అసలు కలలో స్పానిష్‌కు చోటు లేదు, బతుకులో ఉంది.

1997 నుంచి వేల్స్ ప్రభుత్వ మద్దతుతో, బ్రిటిష్ కౌన్సిల్ ద్వారా ఏటా టీచర్లు వస్తున్నారు. గైమన్‌లో, ట్రెలెవ్‌లో, ట్రెవెలిన్‌లో వెల్ష్, స్పానిష్ రెండూ నేర్పే బడులున్నాయి. చుబుత్ మొత్తం మీద వెల్ష్ వచ్చినవాళ్లు ఎందరంటే అంచనాలు 1,500 నుంచి 5,000 దాకా ఊగుతాయి. భాష వచ్చు అనడానికి గీత ఎక్కడ గీస్తామన్న దాన్ని బట్టి ఆ తేడా. ఇప్పుడు నేర్చుకుంటున్న పిల్లల్లో వెల్ష్ రక్తం చుక్క కూడా లేనివాళ్లున్నారు. ఇంట్లో అమ్మమ్మ దగ్గర వినకుండా, నల్లబల్ల మీద చూసి నేర్చుకునే భాషగా అది మారింది. మిమోసా దిగిన నాటి తరానికి ఇది ఊహకందని సంగతి. వాళ్ల తర్వాత మూడు తరాలు చూసినదాంతో పోలిస్తే మేలే.

గైమన్ రైల్వే స్టేషన్ ఇప్పుడు మ్యూజియం. 1961లో రైలు ఆగిపోయింది. దాదాపు 300 మీటర్ల సొరంగంలోంచి పర్యాటకులు నడిచి వెళ్తారు. 1963లో ఎగువన ఫ్లోరెంతీనో అమెగీనో డ్యాం పూర్తయ్యాక పెద్ద వరదల భయం పోయింది. కాలవలు మాత్రం తవ్విన చోటే పారుతున్నాయి. వాటి నిర్వహణ మళ్లీ నీళ్లు వాడుకునేవాళ్ల కంపెనీ చూస్తోంది. గోధుమ ఎప్పుడో తగ్గిపోయింది. లోయలో ఇప్పుడు కూరగాయలు పండించేవాళ్లలో ఎక్కువమంది గత కొన్ని దశాబ్దాల్లో బొలీవియా నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు. కొందరి ఇళ్లలో పెద్దవాళ్లు ఆండీస్ కొండల మూలవాసుల భాష కెచువా మాట్లాడతారు. తూము దగ్గర నీటి వంతు గురించి మాట పడేది స్పానిష్‌లో. పిల్లలు కాలవ గట్టు మీద నడుచుకుంటూ బడికి పోతారు.